అక్కడ ‘పరారీ’ కేసు, ఇక్కడ పరువు పంచాయితీ: కువైట్‌లో దెబ్బతిని వచ్చిన ఆడకూతురికి దిక్కెవరు?

కువైట్ నుంచి మనిషి వచ్చిందంటే పల్లెలో ముందుగా లెక్కబెట్టేది పెట్టెలను. కారు మీద ఎన్ని కట్టలున్నాయి, దుప్పట్లు ఎన్ని, సెంటు సీసాలు ఎవరికి, చాక్లెట్లు ఎవరికి అనే మాటలతోనే ఆ పూట గడిచిపోతుంది. “వచ్చినావామ్మే, ఏం తెచ్చినావు?” అన్నదే పలకరింపు. అయితే అప్పుడప్పుడు ఒక్క చేతిసంచితో బస్సు దిగే మనిషి కూడా ఉంటుంది. ఆమె దగ్గర పాస్‌పోర్టు ఉండదు. ఎంబసీ వారు ఇచ్చిన ఔట్‌పాస్ మీద విమానమెక్కి వచ్చి ఉంటుంది. ఊరు ఆమెను కూడా అదే ప్రశ్న అడుగుతుంది. ఆమె జవాబు చెప్పదు. వారం తిరిగేసరికి ఏం తెచ్చిందన్న ప్రశ్న పోయి, ఏం చేసి వచ్చిందన్న ప్రశ్న రచ్చబండ మీదికి వస్తుంది.

ఆమె రాత్రిళ్లు నిద్రపోదు. తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటుంది. ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పిల్లలు దగ్గరకు వస్తే కసురుకుంటుంది, తరువాత ఏడుస్తుంది. “గాలి సోకింది” అని కొందరు, “డబ్బు పోయిన దిగులు” అని కొందరు, “మొగుడితో పొసగడం లేదు” అని మరికొందరు చెప్పుకుంటారు. ఆమెపై నేరం జరిగిందేమో, ఆ నేరం చేసినవారిని అడిగే హక్కు ఆమెకుందేమో అన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. ఈ కథ ఒక్క ఊరిది కాదు. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతాల పల్లెల్లో ఇటువంటి ఇళ్లు ఎక్కడ ఉన్నాయో ఆ ఊరి వారికి తెలుసు. తెలిసినా మాట్లాడరు. ఆ మౌనం వల్ల నేరస్తుడికి తప్ప ఇంకెవరికీ మేలు జరగడం లేదు.

కరువు నేర్పిన దారి

ఈ జిల్లాకు కువైట్‌తో సంబంధం నిన్న మొన్నటిది కాదు. 1970ల నుంచి బావులు ఎండిపోయిన చోట్ల, వేరుశెనగ చేతికి రాని చోట్ల జనం ఎడారి దేశం బాట పట్టారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడినప్పుడు కట్టుబట్టలతో తిరిగి వచ్చిన వారు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఏడాది భారత ప్రభుత్వం లక్షా డెబ్బయి వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో చేరవేసింది. యుద్ధం ముగియగానే మళ్లీ ప్రయాణాలు మొదలయ్యాయి.

కువైట్ డబ్బుతో మిద్దెలు లేచాయి, అప్పులు తీరాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు ఇంజనీరింగు చదివారు. ఇది కాదనలేని సత్యం. అక్కడి ఇళ్లలో పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఒకేచోట పనిచేసి, యజమానులను ‘బాబా’, ‘మామా’ అని పిలుస్తూ, వారి పిల్లలను తమ పిల్లలుగా పెంచి, మర్యాదగా తిరిగి వచ్చిన తల్లులు ఎందరో ఉన్నారు. కాబట్టి కువైట్‌లో అందరూ చెడ్డవారే అన్న మాట ఎవరూ అనడం లేదు. మంచి ఇల్లు దొరికితే అదృష్టం, చెడ్డ ఇల్లు దొరికితే కర్మ అన్నట్టుగా ఒక మనిషి బతుకు నడవడం న్యాయమా అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

నాలుగు గోడల మధ్య ఉద్యోగం

ఫ్యాక్టరీలో పనిచేసే వాడికి పక్కన పదిమంది తోటివారు ఉంటారు. కూలి ఇవ్వకపోతే పదిమందీ కలిసి అడుగుతారు. ఇంటిపనికి పోయిన ఆడమనిషికి ఆ అండ లేదు. ఆమె పనిచేసే చోటే ఆమె పడుకునే చోటు. తనిఖీకి వచ్చే అధికారి ఆ గడప తొక్కడు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఫోను ఎప్పుడు మాట్లాడాలో ‘మామా’ చెప్పాలి. భాష తెలియదు, బయట వీధి పేరు తెలియదు. తెల్లవారుజామున లేచింది మొదలు అర్ధరాత్రి వంటపాత్రలు కడిగే దాకా పని. జీతం నెల నెలా ఆగిపోవడం, తిండి సరిగా పెట్టకపోవడం, చెయ్యి చేసుకోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, అంతకన్నా చెప్పుకోలేని అఘాయిత్యం జరగడం ఎప్పటినుంచో వినవస్తున్నవే.

చాలా ఏళ్లపాటు అక్కడి చట్టం కూడా ఈ ఇంటిపని వారిని పనివారిగా లెక్కించలేదు. కువైట్‌లో 2010లో వచ్చిన కార్మిక చట్టం ఇంటిపని చేసేవారిని మినహాయించింది. 2015లో 68వ నంబరు చట్టం వచ్చాక గాని వారికంటూ కాగితం మీద హక్కులు రాలేదు. ఆ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, అందులోనూ విశ్రాంతి ఇవ్వాలి. వారానికొక రోజు సెలవు, ఏడాదికొకసారి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆమె పాస్‌పోర్టును యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోకూడదు. ఒప్పందం ముగిసి వచ్చేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు. 2021 జూన్‌లో ఇంటిపని వారి విషయమై భారత్, కువైట్ ప్రభుత్వాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అంతకుముందే 2013లో మనుషుల అక్రమ రవాణాను నేరంగా ప్రకటిస్తూ కువైట్ 91వ నంబరు చట్టం చేసింది.

ఇన్ని చట్టాలు ఉన్నాయని ఆ ఇంటిపనికి పోయేవారిలో ఎందరికి తెలుసు? వీసా తెచ్చిన ఏజెంటు చెప్పడు. సంతకం పెట్టించుకున్న ఒప్పందం అరబ్బీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలిసినా ఇంకొక చిక్కు ఉంది. అదే అన్నిటికన్నా పెద్ద చిక్కు.

బాధితురాలే ముద్దాయి

గల్ఫ్‌లో ‘కఫీల్’ అంటే పూచీదారు. పనికి పోయిన మనిషి అకామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి, ఆ కఫీల్ పేరు మీద ఉంటుంది. కొట్టినా, జీతం ఇవ్వకపోయినా ఆయన అనుమతి లేకుండా గడప దాటిన మరుక్షణం ఆమె మీద ‘పరారీ’ అని ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ ఫిర్యాదు పడితే అకామా చెల్లదు. అకామా చెల్లకపోతే ఆమె ఆ దేశంలో దొంగగా ఉన్నట్టే. పోలీసులు పట్టుకుంటే ఆమెను జైలుకు, ఆ పిమ్మట స్వదేశానికి పంపిస్తారు. ఇటువంటి వారిని గల్ఫ్ తెలుగువారు ‘ఖల్లివెల్లి’ అంటారు. మాట తమాషాగా ఉంటుంది గాని అనుభవించేవారికి అందులో తమాషా లేదు.

దెబ్బలు తిన్న మనిషి దెబ్బలు తప్పించుకోవడానికి బయటకు వస్తే ఆమే నేరస్తురాలవుతున్నది. దొంగతనం చేసిందని ఎదురు కేసు పెట్టే యజమానులూ ఉన్నారు. ఆ భయంతోనే చాలామంది ఆ గోడల మధ్యనే రోజులు లెక్కబెట్టుకుంటారు. బయటపడే దారి ఒకటుంది. తిన్నగా భారత ఎంబసీకి చేరితే అక్కడ ఆశ్రయం ఇస్తారు. ఆపదలో ఉన్నవారి ఖర్చుల కోసం 2009లో భారత ప్రభుత్వం ఏర్పరచిన సంక్షేమ నిధి నుంచి టిక్కెట్టు ఇప్పించే ఏర్పాటు కూడా ఉంది. కువైట్ ప్రభుత్వం కూడా ఇంటిపని మహిళలకు ఒక ఆశ్రయ కేంద్రం నడుపుతున్నది. కానీ ఎంబసీ ఏ దిక్కున ఉందో తెలియని మనిషి, జేబులో పావు దినారు లేని మనిషి అక్కడికి చేరేదెలా?

ఇంత కష్టపడి ఊరు చేరితే ఇక్కడ మరో పంచాయితీ మొదలవుతుంది. అక్కడ ‘పారిపోయినది’ అన్నారు, ఇక్కడ ‘చెడిపోయినది’ అంటారు. ఏజెంటుకు కట్టిన అప్పు మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది. “రెండేళ్లు ఓర్చుకుంటే పోయేదానికి” అని అత్త సణుగుతుంది. భర్త ముఖం చాటేస్తాడు. సొంత తమ్ముడు కూడా “జరిగింది ఎవరితోనూ అనద్దు అక్కా, పిల్ల పెళ్లి కావాల” అంటాడు. రెండు చోట్లా ఆమెనే ముద్దాయిగా నిలబెట్టారు. రెండు చోట్లా ఆమె చెప్పేది వినలేదు.

మనసుకు తగిలిన దెబ్బ

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టిస్తారు. కాలిన గాయానికి మందు రాస్తారు. మనసుకు తగిలిన దెబ్బ కంటికి కనబడదు గనుక దానికి వైద్యం ఉందన్న సంగతే చాలామందికి తోచదు. తీవ్రమైన భయం, అవమానం, హింస అనుభవించిన మనిషి మెదడు ఆ ప్రమాదం ఇంకా పోలేదన్నట్టుగానే ప్రవర్తిస్తుందని వైద్యులు చెబుతారు. నిద్ర పట్టదు, పడితే పీడకల. ఆ ఇంటి వాసన వంటి వాసన తగిలినా, గట్టిగా తలుపు వేసిన చప్పుడు విన్నా గుండె దడదడలాడుతుంది. ఆ సంగతులు వద్దన్నా కళ్ల ముందుకు వస్తాయి. ఒక్కోసారి ఏమీ పట్టనట్టు మొద్దుబారిపోతారు. తలనొప్పి, నడుము నొప్పి, కడుపులో మంట అంటూ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు, పరీక్షల్లో ఏమీ కనబడదు. కొందరికి బతుకు మీద విరక్తి పుడుతుంది.

ఇది పిచ్చి కాదు, బలహీనత కాదు, దయ్యం పట్టడం కాదు. ఎంతటి ధైర్యవంతులకైనా రాగలిగిన జబ్బు. దీనికి చికిత్స ఉంది. నమ్మకం కలిగిన వైద్యుడితో, సలహాదారుతో క్రమంగా మాట్లాడడం ఒక చికిత్స. అవసరమైన వారికి మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలు పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక నాలుగు రోజులు మింగి మానేయకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలతో ఈ జబ్బు కుదరదు, మరింత ముదురుతుంది.

పెద్ద దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకునేవారు, దేవుడి గుడిలో నిద్ర చేసేవారు ఉన్నారు. అది వారి నమ్మకం, దానితో మనసుకు ఊరట కలిగితే మంచిదే. అయితే దానితోపాటు డాక్టరు దగ్గరకూ పోవాలి. కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊరు కదలలేని వారు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘టెలిమానస్’ అనే ఈ ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు. రోగి వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి. ప్రాణం తీసుకోబోయిన వారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి వారిపై కేసు పెట్టి శిక్షించకూడదని, ప్రభుత్వమే వారికి వైద్యం చేయించాలని ఆ చట్టం చెబుతున్నది. కాబట్టి అటువంటి ప్రమాదం జరిగినప్పుడు పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచిపెట్టడం పెద్ద పొరపాటు.

వైద్యం లేనిదే కేసు నిలవదు

మనసు సంగతి వేరు, కోర్టు సంగతి వేరు అనుకోవడం వల్లనే రెండూ చెడుతున్నాయి. ఆమె స్టేషనుకు పోతే మొదట అడిగేది తేదీలు. ఏ రోజు కొట్టారు, ఏ నెల జీతం ఆగింది, ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది? భయంలో నలిగిన మనసుకు సంగతులు వరుసగా గుర్తుండవు. ఒక చిన్న విషయం కళ్లకు కట్టినట్టు చెబుతుంది, అసలు తేదీ మాత్రం చెప్పలేదు. నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట వస్తుంది. కొందరు కన్నీరు లేకుండా రాయిలాగా చెబుతారు. అది చూసి “ఈమె అబద్ధమాడుతున్నది” అని రాసేస్తారు. నిజానికి అది అబద్ధానికి గుర్తు కానక్కరలేదు, గాయానికి గుర్తు కావచ్చు.

ముందుగా డాక్టరు చూసి, ఆ పరిస్థితిని కాగితం మీద రాసిపెడితే ఆ కాగితమే రేపు కోర్టులో ఆమెకు అండ అవుతుంది. రెండు మూడు విడతలుగా, ఆడ పోలీసు సమక్షంలో, నమ్మకమైన మనిషి తోడు ఉండగా వాంగ్మూలం తీసుకుంటే నిజం బయటకు వస్తుంది. అలాగే న్యాయం దొరుకుతుందన్న ఆశ కలిగితే ఆమె జబ్బు కుదరడానికి కూడా అది తోడ్పడుతుంది. ఎవరూ నమ్మకపోవడమే ఇటువంటి గాయాన్ని రేపే రెండో దెబ్బ.

పోనీయకుండా ఆపితే సరిపోతుందా?

“అసలు ఆడవాళ్లను పంపడమే తప్పు, ఆపేస్తే పీడ పోతుంది” అని పెద్దలు కొందరు అంటారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. కానీ ఆపడం ఎంతవరకు పనిచేసిందో చూడాలి. పదో తరగతి పాసు కాని వారికి గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016లో ఇటువంటి మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటి ప్రభుత్వ సంస్థలే.

నిబంధన మంచిదే. దానిని తప్పించే దారిని ఏజెంట్లు వెదికారు. విజిట్ వీసా మీద దుబాయికో, మస్కట్‌కో తీసుకుపోయి అక్కడి నుంచి ఇళ్లలో పెట్టే పద్ధతి అదే. అలా పోయిన మనిషి పేరు ఏ ప్రభుత్వ రికార్డులోనూ ఉండదు. కష్టం వస్తే ఎంబసీకి ఆమె అక్కడ ఉన్నట్టే తెలియదు. ఇంట్లో అప్పు, పొలంలో కరువు ఉన్నంత కాలం తలుపు మూస్తే కిటికీ వెదుక్కుంటారు. కాబట్టి ఆపడం కన్నా తెలిసి పంపడం, లెక్కలో ఉంచి పంపడం, కష్టం వస్తే వెంటనే ఆదుకోవడం మేలు.

ప్రభుత్వం గట్టిగా నిలబడితే ఏం జరుగుతుందో ఫిలిప్పీన్స్ దేశాన్ని చూస్తే తెలుస్తుంది. 2018లో కువైట్‌లోని ఒక ఖాళీ ఇంట్లో ఫ్రీజరులో ఆ దేశపు పనిమనిషి శవం బయటపడింది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కొత్తవారిని కువైట్‌కు పంపడం నిలిపివేసి, మే నెలలో కువైట్‌తో ఒప్పందం చేసుకున్న తరువాతే మళ్లీ దారి తెరిచింది. పనివారి దగ్గర ఫోను ఉండనివ్వాలన్నది, పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకోకూడదన్నది ఆ ఒప్పందంలోని మాటలు. ఆ హత్య కేసులో యజమాని దంపతులకు కువైట్ కోర్టు వారు లేకుండానే మరణశిక్ష వేసింది. ఆ తరువాత కూడా అక్కడ దారుణాలు పూర్తిగా ఆగలేదన్నది నిజమే. అయినప్పటికీ తన ఆడబిడ్డ కోసం ఒక దేశం అడిగితే ఎదుటి దేశం విని తీరవలసి వచ్చింది.

ఏజెంటు చుట్టమైతే చట్టం ఆగుతుందా?

కువైట్‌లోని యజమానిని ఇక్కడికి ఈడ్చుకురాలేకపోవచ్చు. కానీ ఆమెను మభ్యపెట్టి పంపినవాడు ఇక్కడే, పక్క వీధిలోనే ఉన్నాడు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను విదేశాలకు పంపే పని చేయడమే నేరం. రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మామూలుగా ఈ చట్టం కింద కేసు నడపడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అయితే మోసపోయిన మనిషి గాని, ఆమె తల్లిదండ్రులు, భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కరలేదు. ఈ సంగతి తెలియక “ఢిల్లీ నుంచి పర్మిషన్ రావాలంట” అన్న మాటకు వెనుదిరిగిపోయేవారు ఉండకూడదు.

ఇంటిపని అని చెప్పి తీసుకుపోయి వెట్టిచాకిరికో, వ్యభిచారానికో అప్పగిస్తే అది భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా. ఏడేళ్లకు తక్కువ కాకుండా శిక్ష ఉంటుంది. “ఆమె ఇష్టపడే పోయింది కదా” అన్న వాదన ఇక్కడ చెల్లదని చట్టమే చెబుతున్నది. నేరం ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఉంది. “మా పరిధి కాదు” అని పంపేయడానికి వీలు లేదు. లైంగిక నేరానికి గురైన మహిళ పేరు గాని, గుర్తుపట్టే వివరాలు గాని అచ్చు వేయడం, బయటపెట్టడం శిక్షించదగిన నేరం. రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

వకీలు ఫీజు కట్టలేమన్న దిగులు కూడా అక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కడప కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. కష్టంలో ఉన్న మహిళలకు 181 నంబరు ఉంది. రావలసిన జీతం బాకీ కోసం ఎంబసీకి పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చి ఇక్కడి నుంచే కేసు నడిపించుకోవచ్చు.

ఇన్ని ఉన్నా కేసులు ఎందుకు కావడం లేదు? ఏజెంటు చాలాసార్లు బయటివాడు కాడు. మేనమామ కొడుకో, ఆడబిడ్డ భర్తో, పదేళ్ల క్రితం తానూ కూలిగా పోయి వచ్చినవాడో అయి ఉంటాడు. “చుట్టరికం చెడుతుంది” అని పెద్దమనుషులు కూర్చుని ఏజెంటు చేత ఏదో కొంత మొత్తం తిరిగి ఇప్పించి ఫైసలా చేస్తారు. అప్పు కొంత తగ్గుతుంది. ఆమె గాయం అలాగే ఉంటుంది. ఆ ఏజెంటు మరుసటి నెలలో ఇంకొక ఊళ్లో ఇంకొక ఆడకూతురిని వెదుక్కుంటాడు. ఊరి పరువు పేరుతో జరిగే ఈ ఫైసలాలు తరువాతి అమ్మాయిని బలి ఇస్తున్నాయి.

చేయవలసిన పనులు

అధికారులు తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా జరిగే పనులు కొన్ని ఉన్నాయి. ఎవరు ఏ దేశం పోయారు, ఏ వీసా మీద పోయారు, ఎప్పుడు వచ్చారు అన్న రిజిస్టరు ప్రతి గ్రామ సచివాలయంలో ఉండాలి. ఔట్‌పాస్ మీద వచ్చిన ప్రతి మహిళను ఆశా కార్యకర్త గాని, ఏఎన్‌ఎం గాని వారంలోగా ఇంటికి పోయి పలకరించాలి. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకుండా, నిద్ర పడుతున్నదా, తిండి తింటున్నావా అని అడిగి ఆసుపత్రి దారి చూపాలి. రాజంపేట, రాయచోటి వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యుడు ఫలానా రోజున ఉంటాడని ముందుగా చాటించి, ఆ రోజు తప్పకుండా ఉండేట్టు చూడాలి. న్యాయ సేవాధికార సంస్థ వకీలు కూడా అదే రోజు అక్కడే కూర్చుంటే ఒక్క బస్సు చార్జీతో రెండు పనులూ అవుతాయి. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ల పేర్లు ప్రతి సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి.

పోయేవారు కూడా జాగ్రత్త పడాలి. విజిట్ వీసా మీద పనికి పోకూడదు. ఒప్పందం తెలుగులో చదివించుకున్నాకనే సంతకం పెట్టాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒకటి, తమ దగ్గర ఒకటి ఉంచుకోవాలి. ఎంబసీ నంబరు కాగితం మీదే కాక కంఠతా పెట్టుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో ప్రాణం పోతే ఆ బీమా కింద 10 లక్షలు వస్తుంది. ఇంటివారితో ముందే ఒక గుర్తుమాట అనుకోవాలి. యజమాని పక్కన నిలబడి ఉన్నా ఫోనులో “మా బర్రె ఈనిందా?” అని అడిగితే ఆపదలో ఉన్నానని అర్థం అన్నట్టు. ఆ మాట వినిన రోజే ఇంటివారు 1800-11-3090 నంబరుకు ఫోను చేయాలి, విదేశాంగ శాఖ ‘మదద్’లో ఫిర్యాదు నమోదు చేయించాలి.

ఇక ఇంటివారు, ఊరివారు చేయవలసినది అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా కష్టం. తిరిగి వచ్చిన మనిషిని ఏం తెచ్చావని అడగకుండా ఉండడం. ఆమె చెప్పిననాడు అడ్డుపడకుండా వినడం. “నీ తప్పేం లేదమ్మా” అన్న ఒక్క మాట ఇంటి పెద్ద నోట రావడం. ఆ మాట కోసం ఆమె కువైట్‌లో తాళం వేసిన గదిలో ఎన్ని రాత్రులు ఎదురుచూసిందో ఎవరికి తెలుసు? ఆ మాట ఇంట్లో దొరికితే ఆమె ఆసుపత్రి గడప తొక్కగలదు. ఆసుపత్రిలో కుదురుకుంటే స్టేషను గడప కూడా తొక్కగలదు.

ఈ జిల్లా పల్లెల్లో లేచిన మిద్దెలకు ఆడవారి చెమట కూడా ఇటుకగా పడింది. ఆ చెమట ఫలాన్ని కళ్లకద్దుకున్న ఊళ్లు వారి కన్నీటిని మాత్రం చూడనట్టు నటించడం ధర్మం కాదు. పెట్టెలతో వచ్చినవారికి ఎదురు పోయినట్టే, ఒక్క సంచితో వచ్చినవారికీ బస్టాండు దాకా ఎదురుపోయే రోజు రావాలి. అధికారులు, పంచాయతీ పెద్దలు ఈ విషయంలో వెంటనే శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.